నీళ్లలో లేని పైమిద్దె

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ని: ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, ఎన్నిసార్లు? ఎవరూ సరిగా జవాబు చెప్పలేదు కాబట్టి ఎవరినీ నమ్మలేదు. ఇప్పుడు నేను రాసేదానికి ఆ మూడింటికీ జవాబులున్నాయి. నమ్మాలో లేదో మాత్రం నాకే తెలియదు.

నాది నంద్యాల. కట్టుబడికి ఎన్ని ఇటుకలు, ఎన్ని సిమెంటు బస్తాలు, ఎంత ఇనుము కావాలో లెక్క వేసి ఇవ్వడం నా పని. చదివింది పదో తరగతి. లెక్క మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లు నేర్పిన పద్ధతి ఒకటుంది: ఏదైనా మూడుసార్లు కొలువు, రెండు కలిస్తే మూడోది కొట్టేయ్. ఇరవై ఆరేళ్లుగా అలాగే చేశాను.

నాకున్న సరదా కూడా ఒకటే. వాన వెలిసిన రాత్రి కెమెరా తీసుకుని బజారులోకి పోయి, దీపాలు వెలిగిన కట్టడాలను రోడ్డు మీది నీళ్లతో కలిపి ఫోటో తీస్తాను. ఆ నీళ్లతోనే కట్టడం ఎత్తు కూడా కొలుస్తాను. నీళ్లలో ఒక గులకరాయి పెట్టి, గోడ నుంచి దానికెంత దూరమో చూసుకుంటాను. నీళ్లలో పైకప్పు అంచు సరిగ్గా ఆ రాయి దగ్గర కనిపించేదాకా వెనక్కి జరుగుతాను. రాయి నుంచి నా కాలికి ఉన్న దూరానికి నా కంటి ఎత్తు ఎన్ని రెట్లో, గోడ నుంచి రాయికి ఉన్న దూరానికి కట్టడం ఎత్తు అన్ని రెట్లు. అంగుళం తేడా రాదు.

మస్తాన్ నా చిన్ననాటి స్నేహితుడు. ఆళ్లగడ్డలో మెయిన్ రోడ్డు మీద కరెంటు సామాన్ల అంగడి. కింద అంగడి, పైన రెండు అంతస్తులు. పిల్లర్లు వేసింది అంతవరకే. మూడేళ్ల కిందట ఆ రెండంతస్తులూ బాడుగకు ఇచ్చి, తాము ఉండటానికి వాటి మీద ఇంకో మిద్దె లేపాడు. దాని ఇటుకల లెక్క నేనే ఇచ్చాను. గోడ తొమ్మిది అడుగులు, కప్పు నాలుగంగుళాలు. పిల్లర్లు మోస్తాయా అని అతను అడిగితే బరువు కూడా కూడి చూశాను. అది నాకు తెలిసిన విద్య కాదు. సరిపోయీ సరిపోనట్టు వచ్చింది. ఇంజనీరుకు చూపించమన్నాను.

"ఇంజనీరు యాడప్పా, నువ్వుండంగా! నీ లెక్క సరే అంటే పైకి మారిపోతా," అన్నాడు.

మిద్దె పూర్తయ్యాక నాలుగు వరుసల సీరియల్ దీపాలు కట్టించాడు. వాన పడిన సాయంత్రం ఫోను చేసి ఫోటో తీయడానికి రమ్మన్నాడు. బస్సు దిగేసరికి ఏడున్నర. అంగడి ముందు నీళ్లు నిండుగా నిలిచి ఉన్నాయి. ముందు ఒక ఫోటో తీశాను. తర్వాత కొలుద్దామన్నాను. గోడ నుంచి రాయికి ముప్పై రెండు అడుగులు. నా కంటి ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. టేపు మస్తాన్ పట్టాడు.

మొదటిసారి రాయి నుంచి నా కాలికి నాలుగడుగులు. రెండోసారి నాలుగడుగులు. అంటే ఎత్తు నలభై ఒక్క అడుగుల నాలుగంగుళాలు. నా కాగితంలోనూ అంతే ఉంది. మూడోసారి మస్తాన్ టేపు చదివి, "ఐదూ రెండంగుళాలు," అన్నాడు. అది నా కంటి ఎత్తే కాబట్టి లెక్క నోటితోనే వచ్చేసింది: గోడ నుంచి రాయికి ఎంతో, ఎత్తూ అంతే. ముప్పై రెండు అడుగులు.

మస్తాన్ పగలబడి నవ్వాడు. "ఏందప్పా, నా పైమిద్దె నీళ్లల్లో మునిగిపాయనా?"

"కిందివరస దీపాలు చూసినట్టుండా. తప్పుబడింది, కొట్టేస్తాండా," అన్నాను. కొట్టేశాను.

"మరి లెక్క సరేనా?"

"సరే."

ఎత్తు సరిపోయిందని నేను అన్నాను. పిల్లర్లు మోస్తాయని అతను విన్నాడు. అలా వింటాడని నాకు తెలుసు. తెలిసీ దిద్దలేదు.

"ఉండు, నన్ను గూడా ఫోటోలో పడెయ్," అంటూ పైకెక్కి కిటికీ దగ్గర చెయ్యెత్తి నిలబడ్డాడు. రెండో ఫోటో తీసి, చివరి బస్సుకు నంద్యాల వచ్చేశాను.

ఆ వారంలోనే వాళ్లు పైకి మారారు. మారిన పంతొమ్మిదో రోజు రాత్రంతా వాన. తెల్లవారుజామున పైమిద్దె ఒక మూల నుంచి కూలిపోయింది. మస్తాన్ భార్య ముందురోజే చాగలమర్రిలో పుట్టింటికి వెళ్లింది. మస్తాన్ ఒక్కడే లోపల ఉన్నాడు. కింది రెండు అంతస్తుల వాళ్లకు ఏమీ కాలేదు. నేను వెళ్లేసరికి శిథిలాలు తీసేశారు. మిగిలిన గోడను టేపుతో కొలిచాను. ఎందుకు కొలిచానో తెలియదు. ముప్పై రెండు అడుగులు.

ఎందుకు కూలిందో నాకు అర్థమవుతుంది. ఆ మూల పిల్లర్ పైకొసలో, మిద్దె ఆనిన చోట, ఇనుము చాలలేదు. అందులో వింతేమీ లేదు. వింత అంతా ఫోటోలో ఉంది.

కెమెరా చిన్న తెర మీద నేను సరిగా చూడలేదు. మస్తాన్ పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థనకు అతని ఫోటో కావాలని ఇంటివాళ్లు అడిగితే, నంద్యాలలో స్టూడియోలో పెద్దది చేయించాను. మొదటి ఫోటోలో గోడ మీద నాలుగు వరుసల దీపాలు, నీళ్లలోనూ నాలుగు. రెండోదానిలో గోడ మీద నాలుగు. నీళ్లలో మూడు. పైన కిటికీలో మస్తాన్ చెయ్యెత్తి నవ్వుతున్నాడు. నీళ్లలో కిటికీ లేదు, చెయ్యి లేదు.

నీళ్లు అక్కడితో అయిపోయాయేమో అనుకున్నాను. అయిపోలేదు. మూడో వరుస తర్వాత ఇంకా రెండడుగుల నీళ్లున్నాయి. వాటిలో నల్లటి ఆకాశం, అడ్డంగా కరెంటు తీగ స్పష్టంగా ఉన్నాయి. పైమిద్దె వెనక్కి జరిపి కట్టి ఉంటే నీళ్లలో కనిపించకపోవచ్చు. ఈ గోడ కింది నుంచి పైదాకా ఒకే వరస. ఒకవేళ ఆ క్షణం పైవరస దీపాలు ఆరిపోయి ఉంటే గోడ మీద కూడా ఆరి ఉండాలి. స్టూడియో అతను ఎన్నిసార్లు చూసినా, "ఇట్లా రాదన్నా," అన్నాడు, అంతే.

ఆ కొట్టేసిన లెక్కకూ అసలు లెక్కకూ తేడా తొమ్మిది అడుగుల నాలుగంగుళాలు. గోడ తొమ్మిది, కప్పు నాలుగంగుళాలు.

నలభయ్యో రోజు మొదటి ఫోటోను, రెండోదానిలోంచి మస్తాన్ ముఖం ఒక్కటే కత్తిరించి చేయించిన ఇంకోదాన్ని తీసుకుని వెళ్లాను. అతని భార్య రెండూ చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు నవ్వుకుంటా వచ్చి చెప్పినాడన్నా. నీళ్లల్లో మన మిద్దె లేదంట, ముప్పై రెండే వచ్చిందంట అని. నాకు బుద్ధి పుట్టక నేనూ నవ్వినా. నువ్వు చూసి గూడా ఏం జెప్తివన్నా ఆయనకు?"

తప్పుబడింది, కొట్టేస్తాండా అన్నానని చెప్పాను. ఆమె తల ఊపి, ఫోటో గోడకు ఆనించి లోపలికి పోయింది.

ఆ నీళ్లు ఎలా చూపించాయో మూడేళ్లుగా లెక్క కడుతున్నాను. ఏ లెక్కకూ రావడం లేదు. ఇప్పుడు ఏ కొలతా కొట్టేయను. మూడూ రాస్తాను. దాని వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు. నాకు కూడా.