సాయంత్రం నడిస్తే ఒంటికి పట్టదట

నాకు షుగర్ అని తేలిన రోజే మా ఆయన తీర్పు చెప్పేశారు. "పొద్దున్నే నడవాలి. సాయంత్రం నడక ఒంటికి పట్టదు."

ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. తెల్లవారకముందే స్నేహితులతో కృష్ణ ఒడ్డుకు వెళ్తారు. తిరిగొచ్చేసరికి ఇడ్లీ, చట్నీ, కాఫీ సిద్ధంగా ఉండాలి. నేను భవానీపురంలోనే ఒక స్కూల్లో టీచర్ని. ఆయన టిఫిను, మధ్యాహ్నం వంట, నా క్యారేజీ, అన్నీ ఆ కాస్త పొద్దులోనే అవ్వాలి. ఇందులో నడకను ఎక్కడ దూర్చాలి?

"ఇంకాస్త ముందు లే" అన్నారు.

లేచాను. ఆయన చెప్పినట్టే పరగడుపున మాత్ర వేసుకుని, టీ చుక్క కూడా తాగకుండా నడిచేదాన్ని. ఆ వేళప్పుడు ఒళ్ళంతా బిగుసుకుపోయి, మోకాళ్ళు పట్టేసి ఉండేవి. చెబితే "అలవాటవుతుందిలే" అనేవారు. ఓ ఉదయం కాలవ గట్టు మీద చేతులు వణికి, చెమటలు పోసి, కళ్ళు తిరిగి కూలబడిపోయాను. అటుగా వెళ్తున్న పూలమ్మే ఆవిడ నన్ను కూర్చోబెట్టి, పంచదార ఎక్కువ వేయించి టీ తాగించింది. ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన అన్న మొదటి మాట, "రాత్రి సరిగ్గా తిని ఉండవు."

ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను.

"ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని నడవమని ఎవరు చెప్పారమ్మా?"

"మా ఆయనండీ."

"ఆయన డాక్టరా?" అని, నా మొహం చూసి మెత్తబడ్డారు. "కొందరికి పొద్దున హాయిగా ఉంటుంది, కొందరికి సాయంత్రం. మీరు ఏమైనా తిని సాయంత్రమే నడవండి. మానకపోవడం ముఖ్యం."

ఇక స్కూలు నుంచి వచ్చి, కాస్త తిని బయల్దేరేదాన్ని. రోజంతా తిరిగిన ఒళ్ళు కదా, ఆ వేళకి మోకాళ్ళు చెప్పిన మాట వినేవి.

"ఈ టైములో నడిస్తే నిద్ర పట్టదు" అన్నారు మా ఆయన. నాకు పడుకోగానే పట్టేది.

"మరి నా కాఫీ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

కొన్ని నెలలకు పరీక్ష చేయిస్తే షుగర్ బాగా తగ్గింది. ఓ సాయంత్రం మా ఆయనతో నడిచే స్నేహితుడొకాయన ఇంటికొచ్చారు.

"చెల్లెమ్మా, మా ఆవిణ్ణి కూడా సాయంత్రమే నడవమన్నాను. మీ ఆయన సలహా మీకు భలే పనిచేసిందట కదా!"

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. నేను వచ్చినాయన ముందు కాఫీ కప్పు ఠక్కున పెట్టాను.

"ఈయన సలహాతో గట్టు మీద పడిపోయానండీ అన్నయ్యగారూ. సాయంత్రం నడవమన్నది డాక్టరమ్మ. అప్పుడు కూడా ఈయన వద్దన్నారు."

ఆ పెద్దమనిషి గబగబా కాఫీ తాగి వెళ్ళిపోయారు.

"బయటివాళ్ళ ముందు అలా అనాలా?" అన్నారు మా ఆయన.

"బయటివాళ్ళకి అబద్ధం చెప్పింది మీరేగా?"

నేను చెప్పులేసుకుని నడకకు బయల్దేరాను.