ఎస్తేరు కనబడని వారం

మొన్న మధ్యాహ్నం భోజనమయ్యాక నడుం వాలుద్దామనుకుంటుండగా మా మనవరాలు సెల్‌ఫోన్‌లో ఏదో పాత సినిమా పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది. గూఢచారి సినిమా. జీడితోటల మధ్య అట్టముక్కలతో చేసిన రాకెట్టు, నల్ల కళ్ళద్దాల విలన్, అతగాడి ఒళ్ళో తెల్ల పిల్లి. మన ఉద్దానంలోనే తీశారట తాతా, పిల్లి యాక్టింగు చూడు అంటూ ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. సరిగ్గా అప్పుడే పిల్లి ముఖం తెరంతా నిండింది. ఎడమ చెవి కొన చిరిగి ఉంది. నేను చూడలేకపోయాను. కళ్ళద్దాలు తుడుచుకునే వంకతో లేచి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. ఆ పిల్లి పేరు ఎస్తేరు, మా మేనత్త పిల్లి. దాన్ని ఆ సినిమాలోకి పంపిందీ నేనే, ఆ తర్వాత జరిగిన పాడు పనులన్నీ చేసిందీ నేనే. ఈ మాట మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, పలాసలో ఒక సినిమా హాల్లో ఆపరేటరుకి అసిస్టెంటుని. నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సినిమా ఎంత పొడుగున్నా మ్యాట్నీ మాత్రం పల్లెలకు పోయే బస్సు వేళకు వదిలెయ్యాల్సిందే, లేకపోతే కంచిలి వైపు ఆడవాళ్ళు ఆఖరి రీలు మొదలవగానే సంచులు సర్దుకుని లేచిపోయేవారు, మరునాటి నుంచి రావడమే మానేసేవారు. అందుకని ఏ పాటో, ఏ హాస్యం ముక్కో రీల్లోంచి కత్తిరించి, తెగిన కొసలు జిగురుతో అతికి, ముక్కని డబ్బాలో దాచేవాళ్ళం. ప్రింటు వేరే ఊరికి వెళ్ళే ముందు మళ్ళీ ఎక్కడిదక్కడ అతికి పంపేవాళ్ళం. జనానికి తెలిసేది కాదు, తెలిసినా నాలుగు ఈలలు వేసి ఊరుకునేవారు. ఏది కత్తిరించాలో మా పెద్ద ఆపరేటరు చెప్పేవాడు, కత్తెర నా చేతిలో ఉండేది. ఆ కత్తెర చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

మా అత్త జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడి రసం అంటి అంటి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆమె చిన్న వయసులోనే మావయ్య పోయాడు, పిల్లలు లేరు. ఒక ఆదివారం మా బాప్టిస్టు చర్చిలో పాస్టరుగారు ఎస్తేరు రాణి మీద ప్రసంగం చేసిన రోజున చర్చి మెట్ల మీద ఈ పిల్లి పిల్ల దొరికితే ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చి ఆ పేరే పెట్టింది. బైబిలు పేరు పిల్లికి పెడతావా అని పాస్టరుగారు మందలిస్తే, దిక్కులేనిదాన్నే కదండీ దేవుడు రాణిని చేశాడు అందట. సినిమాలు పాపమని మా సంఘంలో గట్టి పట్టింపు ఉండేది. నేను హాల్లో పనిచేయడం మా ఇంటిల్లిపాదికీ తలవంపుగా ఉన్నా, అత్త ఒక్కతే నన్ను ఏమీ అనేది కాదు, ప్రతి ఆదివారం పిలిచి చేపల కూరతో అన్నం పెట్టేది.

ఆ సినిమా వాళ్ళు ఉద్దానం తీరానికి వచ్చింది శత్రువుల రహస్య దీవి తీయడానికి. సముద్రం, కొబ్బరితోటలు, జీడితోటలు అన్నీ ఒక్కచోట దొరుకుతాయని వచ్చారు. విలన్ ఒళ్ళో కూర్చోవాల్సిన పిల్లిని మద్రాసు నుంచి తెచ్చుకుంటే అది మొదటి రోజే రాకెట్టు పొగకి బెదిరి తోటల్లో పడి పారిపోయింది. ఊళ్ళో సినిమా సంగతులు తెలిసినవాణ్ణని మా హాలు మేనేజరు నన్ను వాళ్ళకు సాయంగా పంపాడు, నేను అత్త దగ్గరికి పరుగెత్తాను. పది రోజుల్లో తెచ్చి ఇచ్చేస్తానని చెప్పాను. అత్త కాసేపు పిల్లి వీపు నిమిరి, "తీసుకెల్లురా. పాలు వేడిగా పొయ్యొద్దని సెప్పు, మూతి కాల్సుకుంటాది" అంది. ఎస్తేరు అదృష్టమో నా దురదృష్టమో గానీ, రాకెట్టు పేలినా, తుపాకులు మోగినా, విలన్ ఒళ్ళోంచి కదలలేదు. డైరెక్టరు మురిసిపోయాడు.

పది రోజులూ అయ్యాయి. దగ్గరగా ముఖం చూపించే షాట్లన్నీ మద్రాసు సెట్లో తీస్తాం, పిల్లి కూడా రావాలి అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. ఆ మాటతో ఆగితే నేను కూడా ఆగేవాణ్ణేమో. నిన్ను కెమెరా డిపార్టుమెంటులో పెట్టిస్తానోయ్, కబురు పెడతాను అన్నాడు. అత్త ఒప్పుకోదని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు. పలాస స్టేషన్లో వెదురు బుట్టలో ఎస్తేరుని పెట్టి మూత తాడుతో బిగించి కట్టింది ఈ చేతులే. బండి కదిలేదాకా అది లోపల్నుంచి అరుస్తూనే ఉంది. తిన్నగా అత్త ఇంటికి వెళ్ళి, తీసుకొస్తుంటే దారిలో జీపులోంచి దూకి తోటల్లోకి పారిపోయిందని చెప్పాను. అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకే అంతవరకూ తెలియదు.

కబురూ రాలేదు, పిల్లీ రాలేదు, నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు. అత్త మాత్రం పనిలేని ప్రతి రోజూ పమిట కొంగులో ఎండు నెత్తళ్ళ చేపలు మూటగట్టుకుని బస్సెక్కి ఆ తోటలకు వెళ్ళేది. చెట్టు చెట్టుకీ నిలబడి ఎస్తేరూ ఎస్తేరూ అని పిలిచేది. రెండుసార్లు నన్ను తోడు రమ్మంది, వెళ్ళాను. ఆమె ఒక వరసలో, నేను ఇంకో వరసలో. నేనూ గొంతెత్తి పిలిచాను. మద్రాసులో ఉన్న పిల్లిని ఉద్దానం జీడితోటల్లో అరిచి పిలుస్తున్న నా గొంతు ఇప్పటికీ నా చెవిలో మోగుతూనే ఉంది.

ఏడాది దాటాక సినిమా మా హాలుకే వచ్చింది. పెద్ద ఆపరేటరు తన అత్తవారింట్లో పెళ్ళికి వెళ్ళాడు, ప్రింటు చూసుకునే పని నా మీద పడింది. పొద్దుట ఒక్కణ్ణే కూర్చుని వేసి చూశాను. తోటల్లో తీసినదాంట్లో ఎస్తేరు ఎక్కడో దూరంగా విలన్ ఒళ్ళో తెల్లటి చుక్క. సెట్లో తీసినదాంట్లో మాత్రం తెర నిండా అదే, బంగారు రంగు సోఫా మీద, మెడకి రాళ్ళ పట్టీతో. ఆ పట్టీలోనే దేశ రహస్యాల ఫిల్ము దాచారన్నది కథ. తోటల్లోకి పారిపోయిందన్న పిల్లిని ఇలా మేడలో అత్త చూసిందంటే నా బండారం బయటపడినట్టే. బస్సు వేళ నెపం ఉండనే ఉంది. పిల్లి ముఖం ఉన్న ప్రతి ముక్కా కత్తిరించేశాను. రహస్యం ఎక్కడ దాచారో, హీరో దేనికోసం అలా పరుగెడుతున్నాడో పలాస జనానికి అర్థం కాలేదు. ఈలలు వేశారు, తిట్టారు, ఫైటింగులు బాగున్నాయని మళ్ళీ వచ్చారు.

జీవితంలో హాలు గడప తొక్కని మా అత్త మొదటి రోజు మ్యాట్నీకే వచ్చింది. తల నిండా ముసుగు వేసుకుని ఆడవాళ్ళ బెంచీ చివర కూర్చుంది. ఆట వదిలాక ప్రొజెక్టరు కేబిన్ మెట్ల కింద నా కోసం నిలబడింది. "ఒరే అల్లుడూ, తెర నిండా అగుపించిందని బరంపురంలో సూసొచ్చిన పక్కింటి పిల్ల సెప్పిందిరా. నాకేటి, దూరంగా దూది ముక్కలాగ ఓపాలి అగుపించి పోయింది." అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు సరికదా, "వచ్చిందత్తా, నువ్వే సూసుకోనేదు, నీ కల్లు మందగించాయేమో" అన్నాను. ఆమె నల్లటి వేళ్ళతో కళ్ళు నులుముకుని, అవునేమో అంది.

మరి రెండు మ్యాట్నీలకు వచ్చింది. కన్ను ఆర్పకుండా చూశానురా, అయినా దాటిపోయింది అనేది. సంఘంలో ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనం, మనసు శుద్ధి చేసుకున్నవాళ్ళే రొట్టె తీసుకోవాలి. సినిమా చూసిన కళ్ళతో తీసుకోకూడదనుకుందో ఏమో, రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే తీసుకోకుండా పక్కామెకు అందించింది. మగవాళ్ళ వైపు కూర్చుని నేను అది చూశాను. పళ్ళెం నా దగ్గరికీ వచ్చింది. నేను తీసుకున్నాను, తిన్నాను. నలుగురూ చూస్తారని తిన్నాను.

వారం ముగిశాక ముక్కలన్నీ పొల్లు పోకుండా అతికి ప్రింటు టెక్కలికి పంపించి గట్టెక్కాననుకున్నాను. ఆ మరుసటి వారంలోనే అత్త కళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికి టెక్కలి వెళ్ళిందని నాకు తెలియదు. ఆ ఆదివారం ఎప్పటిలాగే భోజనానికి వెళ్ళాను. కూర వడ్డిస్తూ మెల్లగా చెప్పింది. "డాక్టరు సూదిలో దారం ఎక్కించమన్నాడురా, ఓపాలికే ఎక్కించీసినాను. నా కల్లకేటీ నేదంట. బస్సుకింకా టయిముందని అక్కడ హాల్లోకెల్లి కూకున్నాను. తెర నిండా అగుపించింది. బాగానే సూసుకున్నట్టున్నారు, ఒల్లు సేసింది." ఆమె నా వైపు చూడలేదు. "ఒక్క ముక్క సెప్పీసుంటే, ఎస్తేరూ ఎస్తేరూ అనుకుంటా ఆ తోటలన్నీ తిరిగేదాన్ని కాను కదరా" అని, కంచంలో ఇంకో చేప ముక్క వేసి, చల్లారిపోతుంది తిను అంది. తిన్నాను. తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇప్పుడు ఆ హాలు లేదు, ఆ స్థలంలో కల్యాణ మండపం కట్టారు. రీళ్ళు లేవు, అతుకులు లేవు, మాలాంటివాళ్ళతో పని లేదు. ఎవరి సినిమా వాళ్ళ చేతిలోనే ఉంది, మా మనవరాలు నచ్చిన చోట ఆపుకుని పదిసార్లు చూస్తోంది, పడుచువాడొకడు కత్తెర పట్టుకుని ఒక ఊరికి ఊరే ఏం చూడాలో తేల్చేసే కాలం పోయింది, పోవడమే మంచిది. అందరూ ఆ రోజులే బాగుండేవంటారు, నేనూ నలుగురిలో తల ఊపుతాను గానీ ఆ కేబిన్ తలుచుకుంటే నాకు సిగ్గే ముందు వస్తుంది. అత్త మళ్ళీ పిల్లిని పెంచలేదు, ఎస్తేరు పేరు నా ముందు ఎత్తలేదు. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళు బతికింది. అన్నేళ్ళూ ప్రతి ఆదివారం ఆమె ఇంట్లో, ఆమె చేతి వంటే తిన్నాను. తప్పయిపోయిందత్తా అని ఒక్క మాట అనడానికి అందులో ఒక్క ఆదివారం సరిపోయేది.