ఉత్తచేతుల నడక

గరిడేపల్లి సైదమ్మ గొర్రెలమ్ముకుని రెండేళ్లయినా, నడిచేటప్పుడు ఇప్పటికీ నాలుకతో మందను అదిలించే చప్పుడు చేస్తుంది. నిరుడు వాకిట్లో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. "ముట్లు ఆగినంక బొక్కలు గుల్లయితయమ్మా. రోజూ నడువు, లేకుంటే ఈసారి తుంటే విరుగుతది" అన్నది దవాఖానలో డాక్టరమ్మ. అప్పటినుంచి పొద్దున్నే కొంగు బిగించి బయలుదేరేది. కానీ ఇంటింటి ముందూ ఒకటే పలకరింపు: "ఎటువోతున్నవ్ సైదక్కా?" ముందు మంద లేకుండా ఉత్తచేతులతో ఊరికే నడుస్తున్నానని చెప్పడానికి సిగ్గుపడి, వీధి మలుపు నుంచే వెనక్కి వచ్చేసేది. మొన్న మరిది భిక్షపతి మంద ఎదురైతే అతని చేతిలోని కర్ర లాక్కుంది.

"నువ్వు జర కూసో మర్దీ. కాలువ దాక నేను తోల్కవోత."

"నీ మాట ఇంటయా వదినె? తలో దిక్కు వోతయ్."

"పోనియ్యి! ఎంత తిప్పితే నా బొక్కలకు అంత బలం" అంటూ సైదమ్మ మంద వెనక కదిలింది.