తోడికోడళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు

ఆ చుట్టుపక్కల ఇళ్ళకు రంగులేసే ఆడవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దావిడను అందరూ మేస్త్రమ్మ అనేవారు. చిన్నావిడకు అలాంటి బిరుదేమీ దక్కలేదు. మేస్త్రమ్మ "చెల్లీ" అని కేకేస్తుంటే విని, జనం కూడా ఆవిడను చెల్లి అనే పిలవడం మొదలుపెట్టారు.

కొత్తలో ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు. ఒకరు తోమిన గిన్నె ఇంకొకరు మళ్ళీ తోమేవారు. ఆ గోల భరించలేక అత్తగారు ఒకరోజు వంటింటికి సున్నం వేయమని ఇద్దరినీ లోపలికి పంపి తలుపు దగ్గరికి వేసింది. సాయంత్రానికి గోడలు తెల్లబడ్డాయి, ఇద్దరి మొహాలూ తెల్లబడ్డాయి, ఒకరినొకరు చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. అక్కడ మొదలైన పని ఇన్నేళ్ళుగా ఆగలేదు. మేస్త్రమ్మది నోరు, చెల్లిది చెయ్యి. ఈవిడ మాట్లాడి పని ఒప్పుకొస్తే, ఆవిడ గుంటలు పూడేలా లప్పం పట్టి, గరుకు కాగితంతో రుద్ది, గోడను అద్దంలా తేల్చేది.

ఆ ఏడు ఒక బడి వాళ్ళు గదులన్నిటికీ పైకప్పులతో సహా రంగులు వేయమన్నారు. పొడుగు కర్రకు రోలరు తగిలించి, తల పైకెత్తి రోజుల తరబడి నెట్టే పని. ఆ పనిలో ఉండగానే మేస్త్రమ్మకు ఎడమ రొమ్ములో నొప్పి మొదలైంది.

రొమ్ముల నొప్పి ఆమెకు కొత్తేమీ కాదు. నెలసరి దగ్గర పడితే రెండు వైపులా బరువెక్కి సలపడం, నెలసరి రాగానే చెప్పాపెట్టకుండా పోవడం మామూలే. ఇది ఆ బాపతు కాదు. ఒక్క వైపే, అదీ రొమ్మెముక పక్కన వేలితో చూపించగలిగినంత చోటులో, సూదితో గుచ్చినట్టు ఉంది. నెలసరి వచ్చి వెళ్ళినా ఇది మాత్రం కదల్లేదు.

మేస్త్రమ్మ తనకు తానే వైద్యం చేసుకుంది. నరం పట్టిందని తీర్మానించి మందు రాసుకుంది. రోలరు బరువు ఎడమచేతి మీంచి కుడిచేతికి మార్చింది. పైకి గట్టిగానే ఉన్నా, స్నానానికి వెళ్ళినప్పుడు ఆ చోట వేలు పెట్టాలంటే భయపడేది. అందుకని అక్కడ సబ్బు రుద్దడం కూడా మానేసింది.

చెల్లి గమనించింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగింది.

"చెయ్యెందుకు మార్చావక్కా?"

"నా చేతులు, నా ఇష్టం."

"నొప్పెక్కడ?"

మేస్త్రమ్మ కాసేపు నసిగి చెప్పింది. చెల్లి తింటున్నది పక్కన పెట్టి, "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అంది.

"పని సగంలో ఉంది."

"గోడలు ఎక్కడికీ పారిపోవు. నువ్వు రాకపోతే బావగారికి చెప్తా."

ఆ బెదిరింపు పనిచేసింది. మేస్త్రమ్మ మొగుడు మంచివాడే గానీ, తలనొప్పంటే చాలు ఊరంతటినీ పిలిచే రకం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆస్పత్రి గది గోడలు పెచ్చులూడి ఉన్నాయి. మేస్త్రమ్మ కూర్చోకముందే, "ప్రైమరు వేయకుండా రంగేశారు, ఊడక ఏం చేస్తుంది" అని తీర్పు చెప్పేసింది. డాక్టరమ్మ నవ్వి, గోడల సంగతి తర్వాత చూద్దామంది.

ముందు గుండె గురించి అడిగింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, చెమటలు పడుతున్నాయా, ఛాతీ నొక్కేసినట్టుండి ఆ నొప్పి చేతిలోకో దవడలోకో పాకుతోందా.

"మెట్లేంటమ్మా, నేను నిచ్చెనల మీదే బతికే మనిషిని. అలాంటివేం లేవు."

"ఎప్పుడైనా అలా వస్తే మాత్రం నా కోసం వరసలో కూర్చోకండి. నేరుగా పెద్దాస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్ళిపోండి."

తర్వాత తెర వెనక మంచం మీద పడుకోబెట్టింది. రెండు రొమ్ములూ, చంకలూ నిదానంగా తడిమి చూసింది. గడ్డేమీ తగల్లేదు. పక్కకు తిరిగి పడుకోమని, రొమ్ము ఒక వైపు జారాక కింద పక్కటెముక మీద వేలు పెట్టి నొక్కింది. మేస్త్రమ్మ మంచం మీద ఎగిరి పడింది.

"నొప్పి ఇక్కడుంది, రొమ్ములో కాదు. పక్కటెముక ముందు వైపు రొమ్మెముకతో కలిసే చోట పట్టేసింది. ఈమధ్య చేతులెత్తి చేసే పనేమైనా చేశారా?"

తెర అవతల చెల్లి ఫక్కున నవ్వింది.

కొన్నాళ్ళు పైకప్పుల జోలికి వెళ్ళొద్దనీ, వేడి కాపడం పెట్టమనీ, పూతమందు రాయమనీ, సాగిపోయిన లోబట్టలు పారేసి ఒళ్ళు పట్టి ఉంచేవి కొనుక్కోమనీ డాక్టరమ్మ చెప్పింది. వయసును బట్టి ఒకసారి మామోగ్రాం తీయించమని కూడా రాసింది. "నెలసరి ముందు రెండు వైపులా వచ్చి పోయే నొప్పికి మామూలుగా భయపడక్కర్లేదు. ఒకే చోట ఉండి పోకపోతే చూపించాలి. ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే ఆ రోజే రావాలి. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, దాన్నుంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయకూడదు."

మేస్త్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. జాకెట్టు సర్దుకుంటూ మళ్ళీ గోడల మాట ఎత్తబోతుంటే చెల్లి గొంతు వినిపించింది.

"గడ్డ ఉండి, నొప్పి లేకపోతేనో?"

"చూశారా, నాకు లేని రోగాలు కూడా అడిగేస్తోంది" అంది మేస్త్రమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. "నొప్పి లేని గడ్డనే ముందు చూడాలి. ఎవరికుంది?"

చెల్లి చేతిలో ఉన్న సంచీని కుర్చీలో పెట్టింది. "నాకే. కుడి వైపు. కంది గింజంత ఉండేది. ఇప్పుడు పెరిగింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా."

మేస్త్రమ్మ నోట మాట రాలేదు. అలా జరగడం చెల్లి చూడటం అదే మొదటిసారి.

ఇంటికి నడిచొస్తుంటే ఆ నోరు తిరిగొచ్చింది. "నా చెయ్యి మారితే కనిపెట్టేదానివి, నీ ఒంట్లో గడ్డ పెట్టుకుని నాతో పాటు నిచ్చెనలు మోస్తావా? నేనేమైనా పరాయిదాన్నా?"

"చెప్తే నువ్వు పని ఆపేస్తావని."

"ఆపేదాన్నే."

"అందుకే చెప్పలేదు."

తర్వాత పరీక్షలు ఒకదాని వెనక ఒకటి జరిగాయి. సూదితో ముక్క తీసి చూశారు. క్యాన్సరే. కాకపోతే ఇంకా చిన్నది, చంకలోకి పాకలేదు. ఆ మాట వినగానే చెల్లి మొగుడు ఆస్పత్రి వరండాలోనే కూలబడ్డాడు. చెల్లి అతని భుజం మీద చెయ్యి వేసి, "లే, మందుంది అన్నారు కదా. ఏడవడం తర్వాత, ముందు ఆటో పిలువు" అంది. ఇంత నిబ్బరం ఈ పిల్ల ఎక్కడ దాచిందా అని మేస్త్రమ్మ విస్తుపోయింది.

ఆపరేషనులో గడ్డ వరకే తీశారు. ఆపైన రేడియేషన్ అనే కరెంటు పెట్టారు, మందులు ఇచ్చారు. నీరసంతో చెల్లి గోడకానుకుని కూర్చుండిపోయిన రోజులున్నాయి. మేస్త్రమ్మ వండి పెట్టేది, తల దువ్వేది, మధ్యలో తిట్టేది. తన మామోగ్రాం కూడా అప్పుడే తీయించుకుంది. అందులో ఏమీ లేదు. ఎముక నొప్పి ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తులేదు.

చెల్లి మళ్ళీ బ్రష్షు పట్టాక, డాక్టరమ్మ ఆరు నెలలకోసారి చూసి అంతా బాగుందని పంపిస్తూ వచ్చింది. అలా ఒకసారి చూపించుకుని వచ్చిన సాయంత్రం చెల్లి ఒక మాట అంది.

"అక్కా, బస్టాండు వెనక రెండంతస్తుల ఇల్లు నేనే ఒప్పుకున్నా. బేరాలు నేనే మాట్లాడుకుంటా."

"నాకు చెప్పకుండానా?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

మేస్త్రమ్మ మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు చెల్లి ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే గుమ్మంలో కూర్చుని ఉంది, కొంగు బొడ్లో దోపుకుని.

"మేస్త్రీ, నాకేం పని ఇస్తావో చెప్పు" అంది.

చెల్లి ఇల్లంతా ఒకసారి కలయజూసి, వెనక గది కిటికీలకు గరుకు కాగితం పట్టమంది.