పదకొండు బండ్లకు పెట్టిన బొట్టు

ముత్తంగి చౌరస్తాల ఎల్లయ్య గెలిచిన కొట్లాట నర్సింహమ్మ కండ్ల ముందటనే అయింది. ఆమె చాయ్ డబ్బా, ఆయన మెకానిక్ షెడ్డు ఒక్క గోడకే ఆనుకొని ఉంటయి. ఆ గోడకు అటు పక్క తుమ్మినా ఆమెకు తెల్వకుండ పోదు.

ఆ దినం షోరూమ్ ఇంజనీరు హరినాథ్ మెడల కార్డు యేలాడేసుకొని వచ్చి, గరగరమంటున్న ఒక తెల్లకారు ముందర నిలబడి, ఇంజన్ మొత్తం విప్పాల్సిందే అంటున్నడు. కారాయన ఇంకొక మాట అడుగుదామని ఎల్లయ్య దగ్గరికి తెచ్చుడే హరినాథ్‌కు మంట. పానా పట్టినోడల్లా ఇంజనీరేనా అని నోరు జారిండు. ఎల్లయ్య బండి స్టార్ట్ చేయించి, కట్టెపిడి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవుకు పెట్టుకొని, పక్కింటి ముచ్చట వినేటోని లెక్క కండ్లు మూసుకున్నడు. తర్వాత బెల్టు ఊడదీసి మళ్ళ స్టార్ట్ చేయమన్నడు. గరగర మాయమైంది.

"ఇంజన్ మంచిగనే ఉన్నది సారూ. పక్కన డైనమోల బేరింగ్ పోయింది. పంటినొప్పికి తలకాయ కోస్తరా?" అన్నడు.

చాయ్ తాగేటోళ్ళంత నవ్విండ్రు. హరినాథ్ చాయ్ పైసలు ఇయ్యకుండనే ఎల్లిపోయిండు. దొరబాబు అలిగితే నష్టం నర్సింహమ్మకే.

ఎల్లయ్యది గుమ్మడిదల దిక్కు ఊరు. తండ్రి చెలక భూమి మందుల ఫ్యాక్టరీ కిందికి పోతే, దాని గేటు కాడ వాచ్‌మన్ కొలువు ఇస్తమన్నరు. నా చెలకకు నేనే కావలి ఉండాల్నా అని, పటాన్‌చెరు లారీ షెడ్డుల నూనె గుడ్డలు ఉతుక్కుంట పని నేర్చిండు. ముప్పై ఏండ్లల్ల ఆయన చెవు తప్పు చెప్పిందని అన్నోడు లేడు. ముత్తంగి అడ్డా మీద ఆటోవాళ్ళు బండి కొనాలన్నా, అమ్మాలన్నా, ఎల్లన్న ఏమంటడు అనే అడుగుతరు.

గా మాట మీదనే కన్నేసిండు ప్రవీణ్‌కుమార్. రామచంద్రాపురం కాలనీల పెరిగిన కోస్తావాళ్ళ కొడుకు. తండ్రి సర్కారు ఫ్యాక్టరీల చేసి రిటైరయిండు, కొడుకు కరెంటు ఆటోలు అమ్మే కంపెనీల చేరిండు. అడ్డా మీద నెల దినాలు కాగితాలు పంచినా ఒక్కడూ వినలే. ఇగ రోజూ ఎల్లయ్య పక్కన స్టూలేసుకొని కూసునుడు, బాబాయ్ బాబాయ్ అనుడు. ఇంటికి పోయి ఎల్లయ్య పెండ్లాం అరుణమ్మ చేతి జొన్నరొట్టె కూడా తిన్నడు.

"ఈ బండ్లకు ఇంజన్ లేకపోయినా డాక్టరు కావాలి కదా, బాబాయ్. కంపెనీ నీకు ట్రైనింగ్ ఇస్తుంది. రిపేరంతా నీ షెడ్డులోనే," అన్నడు.

ఎల్లయ్య నమ్మిండు. పెట్రోలు బండ్లకు రోజులు దగ్గరవడ్డయని ఆయనకు ఎరుకే. నేనున్న గద, తీసుకోరి అని ఆటోవాళ్ళకు చెప్పిండు. పదకొండు మంది పాత బండ్లు ఇచ్చి కొత్తవి తెచ్చుకున్నరు.

దసరా పోయినంక శుక్రవారం పొద్దున షెడ్డు ముందర పదకొండు ఆటోలు వరుసగ నిలబెట్టిండ్రు. టైర్ల కింద నిమ్మకాయలు, దండలు, కొబ్బరికాయలు. పసుపు కుంకుమ పళ్ళెం పట్టింది నర్సింహమ్మనే. ఎల్లయ్య బొట్టు పెడుదామని వంగి ఆగిపోయిండు. ఇంజన్‌కు బొట్టు పెట్టకుండ ఏ బండీ ఆయన షెడ్డు దాటలే. దీనికి ఇంజనే లేకపాయె. మరి దీని పానం ఏడున్నది అని అడిగితే, సీటు కింద బ్యాటరీ పెట్టె చూపిచ్చిండు ప్రవీణ్. మూత మీద ఎర్ర కాగితం అతికిచ్చి ఉన్నది, ఇంగ్లీషుల ఏందో రాసున్నది. రెండో తరగతి చదువుకు ఇంగ్లీషు అందదు గాని, అడిగే నోరు నర్సింహమ్మకు ఉన్నది.

"ఏం రాసున్నది బిడ్డా దాని మీద?"

"కంపెనీ పేరు పెద్దమ్మా," అన్నడు ప్రవీణ్. పెట్టె తాళంచెవి ఎల్లయ్య చేతుల పెట్టి, ఫోను తీసిండు.

ఎల్లయ్య గోటితోని కాగితం గీకి, మూత తెరిచి, బ్యాటరీకి బొట్టు పెట్టిండు. ఆ ఫోటోనే పెద్ద ఫ్లెక్సీ అయ్యి చౌరస్తాకెక్కింది.

మరుసటేడు వానాకాలం నడుమల నాలుగు బండ్ల బ్యాటరీలు పండుకున్నయి. షెడ్డుకు తెస్తే ఎల్లయ్య ముట్టకూడదట, ఆ రిపేరు కంపెనీ సెంటరుదట. ట్రైనింగ్ ముచ్చటే లేదు. సెంటరోళ్ళు మూత చూసి, సీలు చినిగింది, ఇగ గ్యారెంటీ లేదన్నరు. ఎర్ర కాగితం మీద ఉన్నది కంపెనీ పేరు కాదు, చింపొద్దన్న మాట.

ఎల్లయ్య అందరి ముందట ప్రవీణ్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టిండు.

"తెరవమని నేనెందుకంటాను, బాబాయ్? నేను ఫోటో తీసుకుని వెళ్ళిపోయాను. అలవాటు కొద్దీ నువ్వే విప్పి ఉంటావు."

బాబాయ్ అన్న పిలుపు మాత్రం విడువలే. కత్తి దింపుకుంట కూడా వరస మరువని పెంపకం.

బ్యాటరీ పోయినోళ్ళల్ల సాయికిరణ్ ఒకడు. రోజూ ఎల్లయ్య పక్కనే చాయ్ తాగేటోడు, ఆ దినం గ్లాసు తీసుకొని దూరం జరిగిండు. "ఇంజన్ ఊపిరి వినేటోనివి గద కాకా, బ్యాటరీ సావు వినవడలేదా? బండికింత అని కమీషన్ మంచిగనే ముట్టినట్టున్నది," అన్నడు. ఒక్క రూపాయి ముట్టలేదని నర్సింహమ్మకు తెలుసు. ఎల్లయ్య మాత్రం షెడ్డులకు ఎల్లిపోయిండు. మూడు దినాలు షెడ్డు షట్టరు సగం కిందికే ఉన్నది.

సోమారం కంపెనీ పెద్దసారు ఈ పంచాయితీ తేల్చనీకి అడ్డా మీదికి వస్తున్నడని తెలిసింది. పూజ నాడు దగ్గర నిలబడ్డది పళ్ళెం పట్టిన నర్సింహమ్మ ఒక్కతే. ఆటోవాళ్ళు దండల కాడ, కొబ్బరికాయల కాడ ఉండిరి. సాక్ష్యానికి ఆమె ముందే తయారయింది. ఆ ప్రవీణే తన చేత్తోని పదకొండు కాగితాలు చింపిండని చెప్తది. గట్లాంటోని మీద అబద్ధమాడితే దేవుడు కూడా లెక్క రాసుకోడు.

ఆదివారం సందెకు ఎల్లయ్య వచ్చి బల్ల మీద కూసున్నడు. పోసిన చాయ్ ముట్టలే. ఆమె అనుకున్నదంత విని తల అడ్డంగ ఊపిండు.

"గట్ల వద్దక్కా. చింపింది నా గోరే. మొదటి బండి కాంగనే ఫోటోకు ఒకటి చాలు బాబాయ్ అన్నడు వాడు. యాదికున్నదా? ఒక్క బిడ్డకు బొట్టు పెట్టి పదిమందిని ఉత్త ముఖంతోని తోలుతనా అని కడమ పదీ నేనే తెరిచిన."

"వాడు ఫోటో కోసమన్నడు గాని, చినిగితే గ్యారెంటీ పోతదని అన్నడా?" అని లేచింది నర్సింహమ్మ.

"అనలే. నువ్వడిగితే కంపెనీ పేరన్నడు, తాళం ఇచ్చిండు. గది చెప్పు. నేను తెరిచింది గూడ చెప్పు. నా ముఖం చూసి పదకొండు మంది బండ్లు మార్చిండ్రు, నా కోసం వాళ్ళకు ఇంకో అబద్ధం వద్దు. రేపు తిట్టకు, కొట్లాడకు అక్కా. రెండు ముక్కలు చెప్పు. ఒకటి చెప్పి ఒకటి మింగకు."