రెండో గదిలో ఆగిన బిల్లు

హైదరాబాద్‌లో నేనుండే హాస్టల్‌లో ఉప్మా మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. ఆదివారం ఏం వండాలో వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెడతారు. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే అది ముగుస్తుంది. తెల్లారేసరికి మాడిన కరివేపాకు వాసన మెట్లెక్కి వచ్చి నా తలుపు దగ్గర నిలబడుతుంది. ఉప్మా గెలిస్తే గెలిచింది, అంత తొందరగా గెలవడమే నాకు మింగుడుపడదు.

పోచంపల్లికి దగ్గర్లోని మా ఊళ్లో, మగ్గాల వాడలో పుట్టినవాళ్లకు తొందరంటే పుట్టుకతోనే అనుమానం. మగ్గాల టకటకల మధ్య, రంగు నీళ్లు కాగే వాసనలో, జొన్నరొట్టెకు ఎర్రకారం అద్దుకుని తింటూ నేను రోజూ చూసింది మా బాపు నూలు పోగుల మీద రబ్బరు పేలికలతో చిటికి కట్టడం. కట్టిన చోట రంగు ఎక్కదు, కట్టని చోట ఎక్కుతుంది. ఒక్క ముడి తప్పితే చీర మీది ఏనుగుకు ఐదో కాలు మొలుస్తుంది, ముంచాక దాన్ని ఏ దేవుడూ తీయలేడు. అందుకని వాడలో ఒక కట్టుబాటు ఉండేది: కట్టిన మనిషి ముంచే ముందు ఇంకొకరు చూడాలి. మా ఇంట్లో ఆ ఇంకొకరు అవ్వ. ఆమె నోట్లో తమలపాకు నములుకుంటూ ముడి ముడినీ వేళ్లతో తడుముతుంటే, బాపు రంగు గోలెం పక్కన నిలబడి, పరీక్ష పేపరు దిద్దించుకునే పిల్లాడిలా పైకప్పు చూసేవాడు.

"జర జల్ది కానియ్యే అమ్మా" అనేవాడు.

"గంత ఆపతైతే ఐదు కాళ్ల ఏనుగును నీ పెండ్లానికే కట్టియ్యి" అనేది అవ్వ, చూపు తిప్పకుండా.

తెలంగాణ బిల్లు ఢిల్లీలో లోక్‌సభ దాటిన రోజు వాడంతా రోడ్డు మీదికొచ్చింది. కొన్న పటాకులన్నీ ఒకేసారి అంటించబోతుంటే బాపు అడ్డం పడ్డాడు: "సగం దాసుర్రి. ఇంకో సభున్నది." మిగిలిన సగం రాజ్యసభ కూడా ఒప్పుకున్నాకే బయటికొచ్చింది. కొన్ని చెమ్మగిల్లి తుస్సుమన్నాయి, కానీ చట్టబద్ధంగా తుస్సుమన్నాయి.

కొత్త రాష్ట్రం వచ్చిన మొదటి వానాకాలం, తడిసిన గోడల మీద నాచు పచ్చగా పాకుతున్న రోజుల్లో, మా సర్కారు బడి సోషల్ సారు పిల్లల పార్లమెంటు పెట్టాడు. మిగతా బళ్లలో ఒక్క సభతో సరిపెట్టేవారు. మా సారు రెండూ ఉండాలన్నాడు. పదో తరగతి గది లోక్‌సభ, తొమ్మిదో తరగతి గది రాజ్యసభ. ఢిల్లీలో కింది సభకు ఆకుపచ్చ తివాచీ, పై సభకు ఎర్ర తివాచీ అని ఆయన చెప్తే, పదో గదిలో ఎవరిదో ఆకుపచ్చ దుప్పటి పరిచాం, తొమ్మిదో గదిలో మా ఇంట్లో రంగు పారి అమ్ముడుపోని ఎర్ర చీర పరిచాం. లోక్‌సభకు పిల్లలందరూ వాడల వారీగా నేరుగా ఓట్లేశారు. పిల్లలు ఎక్కువున్న వాడకు సభ్యులు ఎక్కువ. అలా గెలిచినవాళ్లు ఓట్లేసి రాజ్యసభను ఎన్నుకున్నారు. అసలు పద్ధతిలో ఈ పని రాష్ట్రాల ఎమ్మెల్యేలది. ఆ సభ ఎప్పుడూ రద్దు కాదు, సభ్యుల్లో మూడో వంతు చొప్పున దిగిపోతూ కొత్తవాళ్లు ఎక్కుతూ ఉంటారు. కళల్లో పేరున్నవాళ్లను కొందరిని రాష్ట్రపతి నియమిస్తాడు. మా రాష్ట్రపతి హెడ్‌మాస్టరు. నా చేతిరాత బాగుందని నన్ను నియమించాడు. ఎనిమిదో తరగతి చదివే నా చేతిరాతను మించిన కళ ఆ బడిలో దొరకలేదంటే అది నా గొప్ప కాదు.

మొదటి బిల్లు శ్రీనుది. పదో తరగతి, క్రికెట్ కెప్టెన్, అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచినవాడు. బడికి ముందూ తర్వాతా గ్రౌండు మొత్తం క్రికెట్‌కే, ఇంకెవరూ అడుగు పెట్టకూడదు. "అవును" అన్న కేకకు పైకప్పు మీది పిచ్చుకలు లేచిపోయాయి. బిల్లు పాసైంది.

ఆ గది కిటికీ బయట, నా పక్కనే మంజుల నిలబడి ఉంది. నా బెంచీలోనే కూర్చునేది, రైతుల బిడ్డ. చెలకల్లోంచి బడికి పరుగెత్తుకుంటూ వచ్చేది, మొదట్లో ఆలస్యమై, తర్వాత ఇష్టమై. దసరా తర్వాత మండలం ఆటల పోటీలు. వాళ్ల నాయిన ముందే చెప్పేశాడు: "పత్తికి మనిషి దొరుకుత లేదు. గీసారి పేరు రాకపోతే ఉరుకుడు బంద్, పొద్దుగాల చేన్లకే." ఆమెకు సాధన చేయడానికి ఉన్న చదునైన నేల ఆ గ్రౌండొక్కటే.

"అయిపోయిందా నా కత?" అంది.

"ఇంకో గదున్నది" అన్నాను, ఆ గదిని నేనే కట్టించినట్టు.

మా గది గుమ్మంలోకి శ్రీను వచ్చి నిలబడ్డాడు. "మాకు బడంత ఓట్లేసింది. మీకెవలేసిండ్రు?"

"మీరే ఏసిండ్రు గదనే" అంది మా వైపు నుంచి ఒక పిల్ల. అతను గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

సారు ఒకటి స్పష్టంగా చెప్పాడు: ఈ బిల్లు బాల్‌కీ బ్యాట్‌కీ పైసల గురించే అయితే మేం సలహా ఇచ్చి తిరిగి పంపడమే, మాట కింది సభదే. ఇది జాగా గురించి కనుక రెండు సభలూ ఒప్పుకోవాలి. మాలో సగం మంది మగ్గాల వాడ పిల్లలం. ఎవరూ చెప్పకుండానే ప్రతి మాట కింద వేలు పెట్టి చదివాం. "ఇంకెవరూ" అన్న మాట దగ్గర వేలు ఆగింది. దాని ప్రకారం పొద్దున ప్రార్థనకు నిలబడే బడి మొత్తం నేరస్థులే. గోడ వెంబడి సున్నం గీత గీసి, ఆ పట్టీ ఉరికేవాళ్లకు వదలాలని సవరణ రాశాం, నా చేతిరాతతో. లోక్‌సభ ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది రెండు సభలూ కలిసి కూర్చోవడం. అక్కడ తలలు లెక్కపెడతారు, తలలు వాళ్లవే ఎక్కువ. మంజుల ముఖం వాడిపోయింది. అయితే ఉమ్మడి సమావేశాన్ని రాష్ట్రపతే పిలవాలి; ఆయన నల్గొండకు ట్రైనింగుకు పోయాడు, వచ్చేసరికి బతుకమ్మ సెలవులు.

"అందాక ఎట్ల సార్?" అని అడిగింది మంజుల.

"కొత్త చట్టం పుట్టేదాక పాతదే నడుస్తది" అన్నాడు సారు, అటెండెన్స్ పిలుస్తున్నంత మామూలుగా.

ఆ మాట పట్టుకుని ఆమె పండుగ నెలంతా ఉరికింది. మేం చెలకల్లో తంగేడు, గునుగు పూలు కోసుకుని, చేతులకు పసుపచ్చటి పుప్పొడి అంటించుకుని వచ్చేసరికి, ఆమె బెల్లం, రొట్టె కలిపి దంచిన మలీద ముద్ద నోట్లో పెట్టుకుని గోడ వెంబడి తిరుగుతుండేది. మధ్యలో క్రికెట్ వాళ్లు కబ్జాదారును చూసినట్టు చూసేవారు. అయితే గట్టిగా కొట్టిన ప్రతి బంతీ ఆ గోడ దగ్గరికే పోయేది, ఆమె పరుగు ఆపకుండానే వంగి అందుకుని విసిరేది. తిట్లు తగ్గాయి. తర్వాత "మంజులా, బాల్" అన్న పిలుపు మొదలైంది. ఇంకొన్నాళ్లకు ఆమె రాకపోతే ఆట మొదలుపెట్టడానికి మొహమాటపడ్డారు.

మండలంలో రెండో స్థానం వచ్చింది. వాళ్ల నాయిన కప్పును అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఉరుకు" అన్నాడు.

ఉమ్మడి సమావేశం ఆ తర్వాత జరిగింది. ఓడిపోవడానికి సిద్ధమై వెళ్లాం. శ్రీను లేచాడు. "సవరణ మాకు మంజూరే. గోడ దిక్కు ఎవలన్న ఉండాలె. బాల్ ఎవలు తేవాలె మల్ల?" బిల్లు సవరణతో పాసైంది, హెడ్‌మాస్టరు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశాడు. అంత స్వార్థంతో కుదిరిన ఒప్పందాన్ని నేను మళ్లీ చూడలేదు, అంత గట్టిదాన్నీ చూడలేదు. తర్వాత డిగ్రీలో రెండు సభల గురించి చదివి, పాస్ మార్కులకు సరిపడా రాశాను. కానీ ఒక దేశం ఆలస్యాన్ని కూడా పనిముట్టుగా తన రాజ్యాంగంలో దాచుకున్నదంటే, రాసినవాళ్లలో ఎవరింట్లోనో రంగు గోలెం ఉండే ఉంటుందని ఇప్పటికీ నా అనుమానం.

మొన్న మంజులా నేనూ ఊరికి వెళ్లాం. ఆమె ఇప్పుడు దేవరకొండ దిక్కు ఒక బడిలో ఆటల టీచరు. అవ్వ లేదు. మా వాడలో మగ్గాల చప్పుడు వినాలంటే ఇప్పుడు ఆగి చెవి పెట్టాలి. పిల్లలు పసుపచ్చ వ్యానుల్లో వేరే బళ్లకు పోతున్నారు. మా రాజ్యసభలో విరిగిన బెంచీలు పెట్టి తాళమేశారు. గ్రౌండు గోడ పోయి, ఆ పొడవునా షటర్లు లేచాయి: చికెన్ సెంటరు, మొబైల్ రీచార్జి, ఇంకా కిరాయికి ఇవ్వనివి కొన్ని. సున్నం గీత వాటి సిమెంటు కింద ఎక్కడో ఉంది. మంజుల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి నడిచి వచ్చి, చికెన్ సెంటరు ముందు కుర్చీలో కూర్చున్నాయన దగ్గర ఆగింది.

"ఎవలనడిగి కట్టిండ్రన్నా గివి?"