పత్తి చేనులో పెట్టిన పందెం

అది 2006, వానాకాలం చివర. గద్వాల అప్పటికింకా జిల్లా కాలేదు గానీ, విత్తనం కోసం వేసే సీడు పత్తి అంటే చుట్టుపక్కల అందరికీ ముందు గుర్తొచ్చే పేరు అదే. పదకొండేళ్లు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేసి, దూరవిద్యలో సోషియాలజీ ఎం.ఏ. ముగించి, ఒక పరిశోధన సంస్థలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. ఉన్న నౌకరీ వదిలి ఊళ్లు పట్టి తిరగడమేమిటని మా ఇంట్లో అడగని మనిషి లేడు. దవాఖానాకు వచ్చిన రోగాన్ని చూడటం ఒక పని, రోగం బయలుదేరిన చోటికి పోయి చూడటం ఇంకో పని అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. ఈ కేసు తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు.

క్రాసింగ్ పనికి పోయే ఆడపిల్లల్లో రక్తహీనత ఎందుకు ఎక్కువగా ఉందో తెలుసుకోవడం మా అధ్యయనం. క్రాసింగ్ అంటే పత్తి పూలకు చేత్తో చేసే పెళ్లి. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గను ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు దారం చుడతారు. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. కాయ కట్టిందా, విత్తనానికి మంచి ధర. వేళ్లు సన్నగా ఉంటాయని ఈ పనికి ఆడపిల్లలనే పిలుస్తారు.

ఒక ఊళ్లో మా జాబితాలో ఈరమ్మ అనే పిల్ల ఉంది. పద్దెనిమిదేళ్లు. వాళ్లమ్మ బాలమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "పిల్ల లేదు, ఊరికి పోయింది" అంది. దొడ్లోంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఊరికి పోతే మరి ఆ కక్కేదెవరు, నీ బర్రెనా?" అన్నాను.

బాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏం జెప్పాల సిస్టరమ్మా! మూన్నెల్లాయె, పిల్ల బయట కూసుంట లేదు. పొద్దున లేస్తే కక్కుడే. ఎవడే వాడంటే నోరిప్పదు. రేపు రాయచూరు తోల్కపోయి కడిగిపిస్త. మా అన్నకు తెలిస్తే ఇద్దర్నీ బతకనియ్యడు."

లోపల ఈరమ్మ గోడకానుకొని కూర్చుంది. చెంప మీద తల్లి వేళ్లు అచ్చుపడి ఉన్నాయి. "ఎవడూ లేడంటే ఇనరు మేడం" అంది, అంతే.

నా బ్యాగులో ప్రెగ్నెన్సీ టెస్టు కార్డు ఎప్పుడూ ఉంటుంది. మూత్రం చుక్క వేస్తే రెండు గీతలొస్తే గర్భం, ఒకటే అయితే కాదు. ఒకటే గీత వచ్చింది. బాలమ్మ మళ్లీ చేయమంది. మళ్లీ చేశాను. అదే గీత. "రాయచూరు బస్సు తప్పింది నీకు. ఆ చెంపకు ఏం జవాబు చెప్తవో చెప్పుకో" అని ఈరమ్మ వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూశాను. పన్నెండు ఉండాల్సింది, ఏడు కూడా లేదు. లోపలెక్కడో రక్తం పోతూ ఉండాలి. కానీ నెలసరే లేదంటున్నారు.

మా క్వశ్చనేర్‌లో ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా అని మాత్రమే ఉంది. నర్సు అక్కడితో ఆగదు. "ఇంకేం గోళీలు మింగుతున్నవ్?" అన్నాను. ఈరమ్మ లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక షీట్ తెచ్చింది. గుడికి పోయేటప్పుడు నెలసరి వెనక్కి జరగాలని ఆడవాళ్లు రెండు మూడు రోజులు మింగే మాత్రలు.

"మమ్మల్ని కూలికి తోల్కపోయే మేస్త్రక్క ఇచ్చింది. బయటున్నోళ్లని చేన్లకు రానియ్యరు మేడం, పూత రాల్తదంట. నాగా పెడితే మన జాగల ఇంకొకరు వస్తరు. గందుకే అందరం మింగుతం."

సీజన్ పొడుగునా మింగుతున్నారు. వాంతులు ఆ మాత్రల వల్లే. విడిచిన నెల ఆగిందంతా ఒక్కసారిగా వరదలా పోతుంది. పోయిన సీజన్ చివర ఈరమ్మకు అట్లనే పోయిందట, ఆ రక్తం మళ్లీ పట్టనే లేదు. రక్తం ఎక్కడికి పోతోందో మాకు ఆ బియ్యం డబ్బా దగ్గర తెలిసింది. ఈరమ్మను గద్వాల దవాఖానాలో లేడీ డాక్టరుకు చూపించాం. మాత్రలు ఆపాక అనుకున్నంతా అయింది, రక్తం ఎక్కించాల్సి వచ్చింది. బాలమ్మ మంచం పక్కనే నేల మీద పడుకుంది. చెంప గురించి ఎవరూ మాట్లాడలేదు గానీ, కూతురి జడ మాత్రం రోజుకు రెండుసార్లు వేసేది.

హైదరాబాదులో మా ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. "మంచి విషయం పట్టారు, రిపోర్టులో రాద్దాం. రైతులతో పేచీ పెట్టుకోకండి. మనం చూడటానికి వెళ్లాం, మార్చడానికి కాదు" అన్నారు.

"పేషెంటును చూసి, రాసుకొని, పక్క బెడ్డుకు పోయే అలవాటు నాకు లేదు సార్. ఆ పిల్ల మళ్లీ అదే చేనుకు పోవాలి. నియమం అట్లనే ఉంటే మళ్లీ అవే గోళీలు మింగుతుంది."

ఆ చేను వెంకట్రెడ్డిది. నియమం వాళ్లమ్మ నాగమ్మవ్వది. అరుగు మీద కాలు చాపుకొని కూర్చొని అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మా అత్త నాటి నుంచి ఉన్నది. మైల చెయ్యి పడితే పూత నిలుస్తదా? నాలుగు బుక్కులు సదివినవని మాకే నేర్పిస్తవా?"

"నిలవదని మీరు చూసిన్రా, విన్నరా?"

"సూసేదేంది, అందరికీ ఎర్కే!" అన్నాడు వెంకట్రెడ్డి.

అయితే పందెం అన్నాను. చేను మూలన నాలుగు సాళ్లు. నలుగురు క్రాసింగ్ చేస్తారు, ఒక్కో సాలుకు ఒక్కో రంగు దారం. అందులో ఒకరు బయటున్న మనిషి. కాయ కట్టాక ఆ సాలు ఏదో వెంకట్రెడ్డి చూపించాలి. సరిగ్గా చూపిస్తే నేను ఈ ఊరు మళ్లీ తొక్కను. తప్పితే నియమం పోవాలి, పిల్లలందరూ రోజూ పనికి రావాలి. వెంకట్రెడ్డి నవ్వి సరే అన్నాడు.

ఈ సంగతి చెబితే ప్రొఫెసర్ ముందు వద్దనే అన్నారు. తర్వాత, "ఏ సాలు ఎవరిదో అతనికి తెలియకూడదమ్మా. అది ముఖ్యం" అన్నారు. దాన్నే మేం బ్లైండింగ్ అంటాం. తీర్పు చెప్పేవాడి కంటికి గంత కట్టడం. ఎంత వద్దన్నా ఆయనలోనూ పరిశోధకుడే గెలిచాడు.

ఈరమ్మ కోలుకుంది. మరుసటి నెల తనే పిలిపించింది. "నేను బయటున్న. ఇయ్యాలే పెడదం మేడం" అంది. నేను వద్దన్నా వినలేదు. ఆమెది పచ్చ దారం. ఇంకో పిల్లకు ఎరుపు, మేస్త్రక్కకు నీలం. నాలుగో మనిషిని వెతుకుతుంటే నాగమ్మవ్వ చీర బొడ్లో దోపి దిగింది. "తెల్ల దారం నాకియ్యి. రోజూ దీపం పెట్టే చేతులివి. మడి చెయ్యి ఎట్ల కాపిస్తదో సూడు." ఏ దారం ఎవరిదో కొడుకుతో అననని అవ్వ మాటిచ్చింది. వెంకట్రెడ్డిని ఆ మూలకు రానివ్వలేదు, కాపలాకు బాలమ్మ కూర్చుంది.

కాయ కట్టాక ఊరు సగం చేను గట్టు మీదికి వచ్చింది. ఈరమ్మ నా వెనక నిలబడి నా కొంగు పట్టుకుంది. వెంకట్రెడ్డి సాలు సాలు తిరిగాడు. ఆకులెత్తి చూశాడు. మూడు సాళ్లు ఒకదానితో ఒకటి పోటీ పడి కాశాయి. నాలుగోది మాత్రం పలచగా ఉంది. అక్కడ నిలబడి గట్టిగా నవ్వాడు.

"ఇగో, తెల్ల దారం! సగం పూత రాలింది. ముట్టు చెయ్యి దాగుతదా?"

అప్పుడు నాగమ్మవ్వ కట్టె ఊపుకుంటూ ముందుకొచ్చింది.

"ఓరి నా కొడుకా! నాకు ముట్టాగి ఇరవై ఏండ్లాయె కదరా! కండ్లు సరిగ అవుపడక గట్లయిందిరా!"

గట్టు మీద ఆడవాళ్ల నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. అందరికంటే ఎక్కువ నవ్వింది అవ్వే. మరి బయటున్న మనిషి సాలేదని వెంకట్రెడ్డి అడిగాడు, నేను చెప్పలేదు. "పచ్చ దారం, అది నాదే" అని ఈరమ్మ నా కొంగు వదిలి ముందుకొచ్చింది.

తర్వాత నేను ఎన్నో అధ్యయనాలు చేశాను, కొన్నింటికి మెప్పు కూడా వచ్చింది. కానీ నా పని మీద నాకు గర్వం కలిగేది ఆ గట్టు తలుచుకున్నప్పుడే. ఉత్త నర్సునైతే ఈరమ్మకు రక్తం ఎక్కించి ఇంటికి పంపేదాన్ని, ఆమె మళ్లీ వచ్చేది. ఉత్త సర్వే మనిషినైతే ఆమెను ఒక అంకె చేసి పోయేదాన్ని. రోగిని పట్టుకోవడానికి నర్సు చెయ్యి కావాలి. ఆ రోగాన్ని పుట్టించే నమ్మకాన్ని, నమ్మినవాళ్ల వేలితోనే తప్పని చూపించడానికి పరిశోధన కావాలి. ఆ రెండూ నాకు వేరు వేరు నౌకరీలు కావని ఆ చేనులో నేర్చుకున్నాను.

మరుసటి సీజన్‌లో అటు పోతే, గట్టు మీద నుంచి ఒక కూలి పిల్ల మీద నాగమ్మవ్వ అరుపు వినపడింది. "ఏమే, బయటున్నవా? అయితే జర నీడకు కూసోని నీళ్లు తాగి పనికి పోవే. సాలు యాడికి పోదు."